వెలగని రాత్రుల ఫోటోలు

నాగాయలంక,
4 జనవరి 1998.

తమ్ముడు ఆంజనేయులుకి,

అక్క మహాలక్ష్మి రాస్తోంది. మీ బావ పెద్దకర్మకి నువ్వు వచ్చి వెళ్ళాక కాగితం పట్టుకోవడం ఇదే. అప్పుడు రాయడానికేమీ లేదు. ఇప్పుడు ఉంది.

మొన్న ఒకాయన జీపులో వచ్చి, మా వీధిలో కుర్చీ వేయించుకుని, అందరినీ పిలిచి విచారణ కాగితం చదివాడు. మన బోటు బందరు మొగలో, పాయ సముద్రంలో కలిసే చోట, ఇసుక మేట ఎక్కి తిరగబడింది కదా, తప్పంతా సరంగుదేనట. బోటు నడిపేది మీ బావే కాబట్టి మీ బావదే. తాగి ఉన్నాడట. రేవు స్తంభం మీద దీపం చక్కగా వెలుగుతూనే ఉందట. చూసుకోకుండా నడిపాడట.

మీ బావ తాగని మనిషని నేను చెప్పను. నీకూ తెలుసు. కానీ బోటెక్కే రోజు చుక్క ముట్టడు. పదహారేళ్ళు కాపురం చేశాను, ఒక్కనాడూ చూడలేదు.

ఆ రాత్రి బతికి బయటపడింది అప్పారావొక్కడే. వాడు లేచి నిలబడి, "దీపం లేదండీ. మొగ ఎటుందో తెలీక ఐసు ఫ్యాక్టరీ లైట్లు చూసుకుని వచ్చామండీ" అన్నాడు. ఆ కుర్చీలో ఆయన నవ్వాడు. "నువ్వూ తాగే ఉంటావులే, కూర్చో" అన్నాడు.

పున్నమ్మత్త అక్కడే ఉంది. ఆవిడ కొడుకు నాంచారయ్య మీ బావతోపాటే పోయాడు. వాడికి ఇరవై రెండేళ్ళు. ఇన్నాళ్ళూ ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని ఏడ్చేవాళ్ళం. ఆ కాగితం చదవడం అయ్యాక ఆవిడ నా వైపు తిరిగి, "నీ మొగుడు తాగి నా బిడ్డని చంపాడే" అంది. అంతమందిలో అంది. అప్పటి నుంచి చేపల గంప ఎత్తుకుని వేరే దారిన పోతోంది. మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క తడికే. ఆవిడ దగ్గితే నాకు వినపడుతుంది. మాట్లాడదు.

నువ్వు పనిచేసేది ఆ దీపం చూసుకునే కాంట్రాక్టరు దగ్గరే కదా. ఆ రాత్రి వెలిగిందో లేదో ఏ పుస్తకంలోనో రాసి ఉండాలి. చూసి చెప్పు. నీ మేడ గది మీదికి ఎక్కితే స్తంభం కనపడుతుందని చెప్పేవాడివి. రోజూ వెలుగుతోందో లేదో అదైనా చూడు. నాకు చదువుకున్న మనిషివి నువ్వొక్కడివే.

దివ్యశ్రీ బడికి వెళ్తోంది. అక్కడ కూడా ఎవరో ఏదో అన్నారు, నాకు చెప్పడం లేదు.

మీ అక్క
మహాలక్ష్మి

బందరు,
12 జనవరి 1998.

అక్కా,

నీ ఉత్తరం అందింది.

పుస్తకం సంగతి అడిగావు. దీపం రిజిస్టరు మా కాంట్రాక్టరు కాంతారావు గారి బీరువాలో ఉంటుంది. నేను ఉత్తరాలు టైపు చేసేవాణ్ణి, అది నా చేతికి రాదు. అడిగితే ఎందుకని అడుగుతారు. ఆయనకి నువ్వు నా అక్కవని తెలుసు. ప్రస్తుతానికి దాని జోలికి వెళ్ళకపోవడం మంచిదనిపిస్తోంది.

కానీ నువ్వు చెప్పిన రెండో పని చేయగలను. వట్టినే చూడటం కాదు, ఫోటోలు తీస్తాను. మా వీధి చివర స్టూడియో బాబూరావు గారు కెమెరా, దూరానివి దగ్గరగా చూపించే లెన్సు, స్టాండు ఇచ్చారు. ఎందుకని అడగలేదు, మంచి మనిషి. రాత్రిపూట ఎలా తీయాలో నేర్పారు. బటను నొక్కి పట్టుకుంటే లోపల రెక్క తెరుచుకునే ఉంటుంది. ఎంతసేపు పట్టుకుంటే అంత వెలుతురు లోపలికి పోతుంది. దీపం పది సెకన్లకోసారి మెరవాలి కాబట్టి, నేను అరవై లెక్కపెట్టేదాకా పట్టుకుంటే కనీసం ఐదారు మెరుపులు పడి తీరాలి.

దీంతో రెండు ఫోటోలు పంపుతున్నాను. ఒకటి పగలు తీసింది. పిట్టగోడ, దాని మీద మా ఇల్లుగలావిడ మాణిక్యమ్మ గారు ఆరేసిన చీర కొంగు, ఆ వెనక కొబ్బరిచెట్లు, వాటిపైన ఎర్ర పట్టీ, తెల్ల పట్టీ వేసిన స్తంభం. రెండోది అదే చోటు నుంచి, స్టాండు కదపకుండా రాత్రి ఏడున్నరకి తీసింది. అందులో ఏమీ కనపడదు. ఏమీ కనపడకపోవడమే అందులో ఉన్న విషయం.

నువ్వు వేళకి తింటున్నావా? దివ్యశ్రీని ఎవరేమన్నా పట్టించుకోవద్దని చెప్పు.

తమ్ముడు
ఆంజనేయులు

నాగాయలంక,
23 జనవరి 1998.

తమ్ముడూ,

ఫోటోలు చేరాయి. పగటిది చాలాసేపు చూశాను. మీ బావ నోట ఎన్నిసార్లు విన్నానో ఆ స్తంభం మాట. "బందరు స్తంభం కనపడితే ఇంటికొచ్చినట్టేనే" అనేవాడు. నేను చూడటం ఇదే మొదలు. ఇంత సన్నగా ఉంటుందనుకోలేదు. కొబ్బరిచెట్ల మీద అగ్గిపుల్ల గుచ్చినట్టుంది. దీన్ని నమ్ముకునా వీళ్ళందరూ సముద్రం మీదికి పోయేది?

రాత్రి ఫోటో తీసుకుని పున్నమ్మత్త గుమ్మంలోకి వెళ్ళాను. నిలబడే చెప్పాను, అత్తా, దీపం వెలగడం లేదు, మా తమ్ముడు ఫోటో తీసి పంపాడు, చూడు అని. ఆవిడ తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "నల్లకాగితం తెచ్చి చూపిస్తున్నావా?" అంది. నా చేతిలో పెట్టి లోపలికి పోయింది.

కోపం వచ్చింది. ఇంటికొచ్చి నేనే మళ్ళీ చూశాను. ఆవిడ అన్నది నిజమే రా. వట్టి నలుపు. కళ్ళు మూసుకుని తీసినా ఇలాగే వస్తుంది. అది మన స్తంభమని ఎవరు నమ్ముతారు? రాత్రిది కూడా పగటి ఫోటోలాగే, చూడగానే చోటు తెలిసేలా ఉండాలి. ఐసు ఫ్యాక్టరీ అక్కడికి దగ్గరే కదా, అప్పారావు దాని లైట్లు చూశానంటున్నాడు. అవి పడేలా తియ్యి. పక్కన అన్నీ వెలుగుతూ అదొక్కటే చీకటిగా ఉందని తెలియాలి. ఏ రోజు తీశావో కూడా తెలియాలి.

నిన్ను ఇబ్బంది పెడుతున్నానని తెలుసు. మీ కాంతారావు గారికి తెలిస్తే నీ ఉద్యోగానికి ముప్పని కూడా తెలుసు. ఏం చేయను. నేను బతికున్నన్నాళ్ళూ మీ బావని ఇలాగే తాగుబోతంటారు.

అక్క

బందరు,
15 ఫిబ్రవరి 1998.

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. స్టాండు పిట్టగోడకి ఎడం పక్కకి జరిపితే ఐసు ఫ్యాక్టరీ ట్యూబులైట్లు, రేవులో కట్టేసిన బోట్ల మీది లాంతర్లు కూడా పడుతున్నాయి. పిట్టగోడ మీద ఆ రోజు పేపరు పరిచి, మొదటి పేజీ మీద ఒక్క క్షణం టార్చి వేస్తున్నాను. తారీఖు చదవగలిగేలా వస్తోంది. అదే రోజు పగటి ఫోటో ఒకటి, రాత్రి ఫోటో ఒకటి. మాణిక్యమ్మ గారు మెట్ల మీద నిలబడి, "ఏం బాబూ, రోజూ దాన్నే తీస్తావు, అదేమైనా పెళ్ళికూతురా?" అని నవ్వుతోంది.

పన్నెండు రోజులు తీశాను. తొమ్మిది రాత్రులు చీకటి. మూడు రాత్రులు వెలిగింది. ఎవరో పైఅధికారి రేవు చూడటానికి వచ్చి గెస్టుహౌసులో దిగాడు, ఆయన ఉన్న మూడు రాత్రులూ ఎక్కడి నుంచో బల్బు తెచ్చి వెలిగించారు. ఆయన వెళ్ళగానే మళ్ళీ ఆరిపోయింది. వెలిగిన రాత్రుల ఫోటోలు విచారణలో ఇవ్వాలా మానాలా అని ఆలోచించాను. ఇవ్వడమే న్యాయమనిపించింది. అవి చూస్తేనే కదా, వెలిగితే ఫోటోలో పడుతుందని తెలిసేది.

మొన్న శుక్రవారం సెలవు పెట్టి, మీ వీధికి వచ్చిన ఆ విచారణ అధికారి దగ్గరికి అన్నీ తీసుకెళ్ళాను. బల్ల మీద వరసగా పేర్చాను. ఆయన శ్రద్ధగానే చూశాడు అక్కా. కళ్ళద్దాలు తీసి దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత, "బాగా తీశావయ్యా" అన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది. ఆ వెంటనే, "ఇవి జనవరి, ఫిబ్రవరి. బోటు పోయింది నవంబరు ఇరవై ఏడున. ఆ రాత్రి ఫోటో ఉందా?" అన్నాడు.

లేదన్నాను.

"ఆ రాత్రికి నా దగ్గరున్నది రిజిస్టరు. దీపం వెలుగుతోందని రాసి, సంతకం చేసి ఉంది. ఇప్పుడు ఆరిపోతే ఇప్పటి సంగతి వేరే చూస్తారు. అప్పుడు ఆరిపోయిందని నేనెలా రాయను?" అన్నాడు.

ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. ఫోటోలు సర్దుకుని బయటికొచ్చాను. కోనేరు సెంటరు దాకా నడిచి, ఎటు వెళ్ళాలో తెలీక బస్టాండులో కూర్చున్నాను. నాగాయలంక బస్సు ముందు నుంచే పోయింది. ఎక్కలేదు.

ఆంజనేయులు

నాగాయలంక,
24 ఫిబ్రవరి 1998.

తమ్ముడూ,

ఆ సంతకం ఎవరిది?

నీ ఉత్తరంలో అంతా రాశావు, అది రాయలేదు. అడగడం మర్చిపోయావేమో. అడుగు. ఎవడో ఒకడు రాసి ఉంటాడు కదా, మీ ఆఫీసులో మనిషే కదా. పేరు తెలుసుకుని నాకు రాయి. నేను బందరు వస్తాను. వాడి మీద గొడవకి రాను, కేసు పెట్టను. వాళ్ళింటికి వెళ్ళి గుమ్మంలో కూర్చుంటాను. వాడికీ ఒక తల్లో, అక్కో ఉంటుంది. ఆవిడ కాళ్ళు పట్టుకుంటాను. మీవాడి చేత ఒక్క నిజం చెప్పించమ్మా, మా ఆయన పేరు నిలబడుతుంది, ఇంకేమీ అక్కర్లేదు అని అడుగుతాను. ఆడమనిషి అయితే వింటుంది.

మొన్న దివ్యశ్రీ బడి నుంచి మధ్యాహ్నమే వచ్చేసింది. అడిగితే కడుపు నొప్పంది. సాయంత్రం వాళ్ళ స్నేహితురాలు చెప్పింది, లెక్కల క్లాసులో ఎవడో "తాగుబోతు సరంగు కూతురు" అని బల్ల మీద రాశాడట. ఇది చాక్‌పీసు పొడి చేతికి అంటుకునేదాకా దాన్ని తుడిచి, ఎవరితోనూ ఏమీ అనకుండా సంచి తీసుకుని వచ్చేసిందట. నాన్న తాగలేదని నాకు తెలుసమ్మా, కానీ ఎలా చెప్పాలి అంది.

పేరు రాయి. వెంటనే రాయి.

అక్క

బందరు,
8 మార్చి 1998.

అక్కా,

ఈ ఉత్తరం దివ్యశ్రీ చదవకుండా చూడు. నీ ఇష్టం, కావాలంటే చదవనివ్వు.

సంతకం నాది.

నేను అబద్ధం చెప్పాను. రిజిస్టరు కాంతారావు గారి బీరువాలో ఉంటుందన్న మాట నిజమే. రోజూ సాయంత్రం దాన్ని తీసి రాసేది నేను. సైకిలు మీద స్తంభం దాకా వెళ్ళి, దీపం వెలగడం కళ్ళతో చూసి, టైము వేసి సంతకం చేయాలి. అది నా పని. మొదట్లో వెళ్ళేవాణ్ణి. వానలు పడి దారి బురదైపోయాక మానేశాను. ఆఫీసులో కూర్చునే రాసేవాణ్ణి. ఎప్పుడూ వెలుగుతూనే ఉండేది కాబట్టి తప్పనిపించలేదు.

నవంబరులో బల్బు మాడిపోయిందని దీపం చూసే మనిషి వచ్చి చెప్పాడు. నేను కాంతారావు గారికి చెప్పాను. "మద్రాసు నుంచి రావాలయ్యా, రేపో మాపో వస్తుంది. ఈలోగా ఆరిపోయిందని రాస్తే కాంట్రాక్టు పోతుంది. మామూలుగా రాసెయ్" అన్నారు. రాసేశాను. నాలుగు రోజులు అలా రాశాను. నాలుగో రోజు ఇరవై ఏడు.

ఆ రోజు సాయంత్రం ఐదింటికి, ఇంకా ఎండ ఉండగానే, "ఆరు గంటలకు దీపం వెలిగినది" అని రాసి సంతకం పెట్టి ఇంటికొచ్చాను.

అంతే అయితే నేను నీకు ఎప్పుడో చెప్పేవాణ్ణేమో. ఇంకొకటి ఉంది. ఏడున్నరకి బట్టలు తీయడానికి మేడ ఎక్కాను. తూర్పువైపు చూశాను. ఎప్పుడూ చూసేవైపే కదా. స్తంభం లేదు. ఆకాశం, చీకటి కలిసిపోయి ఉన్నాయి. సముద్రం మీద ఎవరైనా ఉంటే ఎలాగ అని ఒక్క క్షణం అనిపించింది. ఆ మాట నా మనసులోకి వచ్చిందక్కా. వచ్చింది. రేపు గట్టిగా చెప్దాంలే అనుకుని, బట్టలు భుజాన వేసుకుని దిగి వచ్చి అన్నం తిన్నాను. అప్పటికి బావ ఇంకా సముద్రం మీదే ఉన్నాడు. మొగకి వచ్చేసరికి తొమ్మిది దాటిందని అప్పారావు చెప్పాడు. ఆ గంటన్నరలో సైకిలెక్కి రేవుకి వెళ్ళి, ఏ బోటు మీది లాంతరైనా తీసుకుని స్తంభానికి కట్టించి ఉండొచ్చు.

పెద్దకర్మ నాడు నువ్వు వడ్డించావు. వద్దంటే ఇంకో గరిటె వేశావు. తిన్నాను.

ఫోటోలు తీస్తే నేను చెప్పకుండానే నిజం బయటపడుతుందనుకున్నాను. రోజూ మేడ ఎక్కి అరవై లెక్కపెడుతూ నిలబడితే, నేనేదో చేస్తున్నట్టు ఉండేది. సోమవారం విచారణ అధికారి దగ్గరికి వెళ్ళి ఇదంతా చెప్తాను. రాసి ఇస్తాను.

నువ్వు ఎవరి గుమ్మంలో కూర్చోవాలో, ఎవరి అక్క కాళ్ళు పట్టుకోవాలో అడిగావు. అందుకే పేరు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

ఆంజనేయులు

బందరు,
20 మే 1998.

అక్కా,

నువ్వు జవాబు రాయలేదు. రాస్తావని అనుకోలేదు. కానీ ఏం జరిగిందో నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

చెప్పిన సోమవారమే వెళ్ళాను. అంతా చెప్పాను. ఆయన గుమాస్తాని పిలిచి నా మాటలు రాయించాడు. నేను సంతకం చేశాను. ఈసారి నిజం కింద చేశాను. ఆ మధ్యాహ్నమే కాంతారావు గారు నన్ను ఇక పనికి రావద్దన్నారు. తిట్టలేదు. "నీ మంచికే చెప్పానయ్యా ఆ రోజు" అన్నారు.

నెల తర్వాత నన్ను మళ్ళీ పిలిచారు. కాంట్రాక్టరు తరఫు వకీలు వచ్చాడు. రెండే ప్రశ్నలు అడిగాడు.

"చనిపోయిన సరంగు నీకేమవుతాడు?"

"మా బావండీ."

"ఎవరు పెంచారు నిన్ను?"

"మా అక్కండీ. ఆయన భార్య."

"అంతేనండీ" అని ఆయన కూర్చున్నాడు.

నిన్న రిపోర్టు నకలు ఇచ్చారు. రిజిస్టరు రాసిన మనిషి మృతుడి బావమరిది అయినందున, అక్క కుటుంబానికి మేలు చేసే ఉద్దేశంతో మాట మార్చినట్టు కనపడుతోందని, ఆ వాంగ్మూలం నమ్మదగినది కాదని రాశారు. ముందు రాసిన దాంట్లో మార్పేమీ లేదు. నేను అబద్ధం రాసినప్పుడు ఎవరూ నన్ను నువ్వెవరని అడగలేదు.

ఫోటోలన్నీ ఫైల్లో కుట్టేశారు. తిరిగివ్వరట. బల్బు మాత్రం వచ్చింది. వేరే మనిషిని పెట్టారు. ఇప్పుడు రోజూ ఆరింటికల్లా వెలుగుతోంది, గది కిటికీలోంచి కూడా కనపడుతోంది. నేను ఆ కిటికీ తలుపు వేసేస్తున్నాను.

బాబూరావు గారు స్టూడియోలో పని ఇచ్చారు. ఫోటోలు కడగడం. నేను చేయగలిగింది ఇంకేమైనా ఉంటే చెప్పు. నాకేమీ తోచడం లేదు.

ఆంజనేయులు

నాగాయలంక,
11 జూన్ 1998.

ఆంజనేయులుకి,

రెండు ఉత్తరాలూ అందాయి. మార్చిలోది అందిన రోజు గంప తలకెత్తుకోబోతున్నాను. పోస్టుమాను ఇచ్చాడు. అరుగు మీద కూర్చుని చదివాను. చేపలు పాడైపోయాయి.

రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. చెప్తే మీ బావ పేరు నిలబడుతుంది, నువ్వు పోతావు. చెప్పకపోతే నువ్వుంటావు, ఆయన పోతాడు. పొద్దున లేస్తే ఇదే లెక్క. ఒకరోజు దివ్యశ్రీ పదో తరగతి పాసైందని కాగితం తెచ్చింది. వీధిలో ఒక్కరూ బాగుందమ్మా అనలేదు. అది కాగితం మడిచి పెట్టెలో పెట్టేసుకుంది. ఆ సాయంత్రం నీ ఉత్తరం తీసుకుని పున్నమ్మత్త ఇంటికి వెళ్ళాను.

ఆవిడకి చదువు రాదు కదా. నేనే చదివాను. మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఏదీ వదల్లేదు. నువ్వు మేడ ఎక్కిన చోటికి వచ్చేసరికి "మళ్ళీ చదువు" అంది. చదివాను. "ఇంకోసారి" అంది. మూడుసార్లు చదివాక, "బట్టలు తీసుకెళ్ళాడా?" అంది. అవునన్నాను.

"అయితే మీ ఆయన తాగలేదన్నమాట" అంది.

"తాగలేదత్తా."

"నిన్ను అనరాని మాటన్నాను."

తర్వాత అడిగింది, "వాడికి తల్లి ఉందా?" అని. లేదత్తా, మూడేళ్ళప్పుడు పోయింది, నేనే పెంచాను అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, లేచి లోపలికి వెళ్ళి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

మర్నాడు పొద్దున్నే గంపతో నా గుమ్మం ముందు నిలబడి, "అవనిగడ్డ వెళ్దాం, రా" అంది. ఇద్దరం బస్సెక్కాం. దారిలో ఒక్క మాటే అంది. నువ్వు ఈ వీధిలో ఆవిడ కంటపడకూడదట. నేను సరేనన్నాను. అప్పటి నుంచి ఊళ్ళో మీ బావని ఎవరూ ఏమీ అనడం లేదు. ఆవిడే అందరికీ చెప్పింది. రిపోర్టు సంగతి నువ్వు రాశావు. ఆ కాగితంలో ఆయన తాగుబోతుగానే ఉండిపోతాడు. దాన్ని మనం ఏమీ చేయలేం. ఇక ఎక్కడికీ తిరక్కు.

దివ్యశ్రీకి చెప్పాను. అది ఏడవలేదు. నీ ఉత్తరాలు అడిగి తీసుకుని, గడప మీద కూర్చుని రెండుసార్లు చదివింది. "మావయ్య నాన్నని చంపాడా అమ్మా?" అంది. లేదన్నాను. "మరి?" అంది. ఆ మాటకి నాకు జవాబు దొరికితే రాస్తాను.

నువ్వు రావద్దు. నేను రమ్మన్నప్పుడు రా. రమ్మంటానో లేదో నాకే తెలీదు. నిన్ను చంకనేసుకుని మోసిన చేతులే ఇవి, ఇప్పుడు నువ్వు గుమ్మంలోకి వస్తే ఏం చేస్తాయో చెప్పలేను. ఉత్తరాలు రాయి. చదువుతాను.

ఇంత రాసి, నువ్వెలా ఉన్నావని ఎక్కడా అడగలేదు. మర్చిపోయి కాదు.

మహాలక్ష్మి